మావయ్య ఫోనుకి నేను నోరు తెప్పించిన వైనం

సోమవారం పూట, పెదకాకాని గుడి క్యూలో, అంతమంది భక్తుల మధ్య, కొబ్బరికాయల సంచిలోంచి ఓ ఆడగొంతు "బ్యాటరీ పదిహేను శాతం" అని అరిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు. ఆ సంచి పట్టుకున్నది నేనే. ఆ గొంతు పుట్టడానికి కారణం కూడా నేనే. ఇదంతా చదివాక నా చేతికి మీ ఫోనివ్వడానికి జంకితే నేనేమీ అనుకోను. మా చుట్టాలు ఎప్పటినుంచో జంకుతున్నారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. గుంటూరులో కంప్యూటర్స్‌తో డిగ్రీ పూర్తిచేసి, చిలకలూరిపేట దగ్గర మా ఊరొచ్చి ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగమైతే రాలేదు గానీ పేరు మాత్రం వచ్చేసింది. ఊళ్లో ఎవరి ఫోను వేడెక్కినా, ఎవరి టీవీలో బొమ్మ ఆగిపోయినా, ఆఖరికి ఒకరింట్లో మిక్సీ తిరగకపోయినా "పద్మని పిలవండి, కంప్యూటర్లు చదివింది" అనేవాళ్లు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని మిక్సీ దగ్గరికి కూడా వెళ్లాను. మరి పిలిచారు కదండీ!

మా అమ్మకి అన్న రాఘవయ్య మావయ్య ఇల్లు మా పక్క వీధిలోనే. మిరప, పత్తి వేసేవాడు. ఈ గట్టు మీద నిలబడి పిలిస్తే మూడో చేలో కూలీలు పలికేవాళ్లు. అలాంటి గొంతున్న మనిషికి అసలు ఫోనెందుకని నాకు ఎప్పుడూ అనుమానమే. అయినా ఒక బటన్ల ఫోను ఉండేది. ఒకరోజు మిరపకి మందు కలుపుతుంటే జేబులోంచి జారి ఆ డ్రమ్ములో పడింది. పురుగులు చచ్చాయో లేదో గానీ ఫోను మాత్రం అక్కడికక్కడే చచ్చింది.

"ఏమే అమ్మాయ్, ఏ ఫోను కొనమంటావే?" అన్నాడు సాయంత్రం మా ఇంటికొచ్చి.

నేను మూడేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రశ్న అది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో తేల్చుకోవాలి మావయ్యా."

"ఆపరేషనా? మొన్నేగదే కంటికి చేయించుకుంది!"

"అది కాదు మావయ్యా. ఐఫోన్ ఒక రకం, ఆండ్రాయిడ్ ఒక రకం. లోపల నడిపించేది వేరు."

"నాకు ఎడ్లని కొనటం తెలుసు. పళ్లు చూస్తా, నడక చూస్తా. దీనికేం చూడాలే?"

"వెర్షన్ చూడాలి."

మావయ్య మా అమ్మ వైపు తిరిగి, "ఏందే ఇది, ఏం చదివించావే దీన్ని?" అన్నాడు. కానీ ఆ గొంతులో గర్వం ఉంది. నాకు అది చాలు. అరగంట ఉపన్యాసం ఇచ్చాను. చివరికి తేలిందేమిటంటే ఆండ్రాయిడే కొనాలని. ఎందుకంటే ఊళ్లో అందరికీ అదే ఉంది. ఆ ఒక్క ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే అందరం వేళకి భోంచేసేవాళ్లం.

మర్నాడు పేట వెళ్లి కొనుక్కొచ్చాం. భాష తెలుగులో పెట్టాను. వాట్సాప్ ఎక్కించాను. అద్దం మీద మావయ్య తెల్లటి ఎడ్ల ఫోటో పెట్టాను. వారం రోజులు మావయ్య ఆ ఫోటోని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చూపించాడు. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున పిలిచి, "అక్షరాలు చీమల్లా ఉన్నాయే, కాస్త పెద్దవి చెయ్యి" అన్నాడు.

అడిగింది అంతే. అక్షరాలు పెద్దవి చెయ్యమని. నేనేం చేశాను? సెట్టింగుల్లోకి వెళ్లాను. అక్కడ నేను ఎన్నడూ అడుగుపెట్టని ఒక గది కనిపించింది. చూపు తక్కువైనవాళ్ల కోసం, వినికిడి తక్కువైనవాళ్ల కోసం బోలెడు మీటలున్నాయి. మావయ్యకి కంటి ఆపరేషన్ అయింది కదా, ఇవన్నీ పనికొస్తాయనుకున్నాను. పెళ్లింట్లో లైట్లు వేసినట్టు ఒక్కొక్కటీ టకటకా నొక్కుకుంటూ పోయాను.

ముందు రంగులు తిరగబడ్డాయి. తెల్లటి ఎడ్లు కాస్తా నల్లటి గేదెలైపోయాయి. ఆ తర్వాత ఫోనుకి నోరొచ్చింది.

"సెట్టింగ్‌లు. యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి."

మావయ్య ఉలిక్కిపడి మంచం మీంచి లేచాడు. "ఎవరే అది?"

"ఫోనే మావయ్యా. నువ్వు కంగారుపడకు."

పడాల్సింది నేను. ఎక్కడ నొక్కినా ఏదీ తెరుచుకోదు, మూసుకోదు. వేలు పెట్టినచోటల్లా దాని పేరు చదివి, "యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి" అంటుంది. "ఈ గోలొకటి మధ్యలో" అని విసుక్కుని నేను మళ్లీ ఒక్కసారే, ఇంకాస్త గట్టిగా నొక్కేదాన్ని. ఆపేసి మళ్లీ వేద్దామని పక్కనున్న మీట పట్టుకున్నాను. "పునఃప్రారంభించు, బటన్. యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి" అంది. నొక్కాను. ఒకసారి. మళ్లీ అదే మాట.

చదువుతున్న మీరు ఇప్పుడు తల కొట్టుకుంటున్నారని నాకు తెలుసు. కొట్టుకోండి. ఆ పాపిష్టి ఫోను ఏం చెయ్యాలో తెలుగులో, స్పష్టంగా, ఓపిగ్గా చెబుతూనే ఉంది. నేనేమో దాన్ని నోరు మూయించే మీట కోసం వెతుకుతున్నాను.

"వైరస్ మావయ్యా," అన్నాను చివరికి. మన చేతిలో లేనిదేదైనా ఆ రోజుల్లో నాకు వైరసే. "రేపు ఎలాగూ గుంటూరు వెళ్తున్నాం కదా, అక్కడ షాపులో చూపిద్దాం."

గుంటూరు ప్రయాణం ఎందుకంటే, మావయ్య కూతురు సుజాత వదినకి నెలలు నిండాయి. రెండో కాన్పు కాబట్టి గుంటూరులో అత్తగారింట్లోనే ఉంది. డాక్టరమ్మ ఇంకా పది రోజులు పడుతుందని చెప్పింది. ముందు పెదకాకాని వెళ్లి దణ్ణం పెట్టుకుని, తర్వాత వదినని చూడాలని మా సుబ్బాయమ్మ అత్తయ్య అనుకుంది. సోమవారం పొద్దున్నే మావయ్య, అత్తయ్య, నేను బస్సెక్కాం. ఫోను మావయ్య చొక్కా జేబులో ఉంది.

పేట దాటామో లేదో, జేబులోంచి మొదలైంది. మావయ్యకి ఎవరు సందేశం పంపినా అది బస్సంతా వినేలా చదువుతోంది.

"కొత్త సందేశం. కోటయ్య. ఏం రాఘవయ్యా, నిన్న మా ఇంట్లో పది బజ్జీలు లాగించావు, షుగరెంతొచ్చింది?"

అత్తయ్య మెల్లగా మావయ్య వైపు తిరిగింది. "నిన్న పొలానికని చెప్పి వెళ్లారు కదండీ?"

"పొలానికే వెళ్లా. దారిలో కోటయ్య ఇల్లుంది."

"పది బజ్జీలా?"

"వాడికి లెక్కలు రావే!"

ముందు సీట్లో పెద్దాయన భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. నాక్కూడా నవ్వొచ్చింది. కానీ ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే తర్వాతి సందేశం సుజాత వదినది.

"నాన్నా, ఫోను పద్మ చేతికి మాత్రం ఇవ్వొద్దు. మా ల్యాప్‌టాప్ అది బాగుచేశాకే చెడిపోయింది."

ఈసారి బస్సులో నవ్వనిది నేనూ, డ్రైవరూ. డ్రైవరు కూడా అద్దంలోంచి నన్నే చూశాడు. మావయ్య ఫోను తీసి నా ఒళ్లో పెట్టాడు. "నీదే తల్లీ, నువ్వే మోసుకో" అన్నాడు. నేను దాన్ని తువ్వాల్లో చుట్టి, కొబ్బరికాయల సంచిలో అడుక్కి తోశాను.

అలా చేరాం క్యూలోకి. సోమవారం కదా, జనం కిటకిటలాడుతున్నారు. సంచి బ్యాటరీ సంగతి చెప్పగానే ముందున్న ఒకావిడ పిల్లని దగ్గరికి లాక్కుంది. అవతల నుంచి ఒక గుడి ఉద్యోగి వచ్చాడు.

"అమ్మా, ఫోను ఆపెయ్యాలి."

"ఆగట్లేదండీ."

"ఆగకపోవటమేంటమ్మా?"

"కంప్యూటర్లు చదివింది లెండి," అన్నాడు మావయ్య, అదే కారణమన్నట్టు.

అప్పుడు మోగింది. "అల్లుడు గుంటూరు, కాల్ చేస్తున్నారు."

మావయ్య ముఖం మారిపోయింది. ఈ వేళకి అల్లుడు ఆఫీసులో ఉండాలి. నేను సంచిలో చెయ్యి పెట్టి తువ్వాలు లాగి, ఫోనెత్తే గుర్తు మీద వేలు పెట్టి జరిపాను. కదల్లేదు. "సమాధానం ఇవ్వండి, బటన్. యాక్టివేట్ చేయడానికి..." మళ్లీ జరిపాను. ఆగిపోయింది. వెంటనే మళ్లీ మోగింది. పైకి జరిపాను, పక్కకి జరిపాను, బొటనవేలితో నొక్కాను. మళ్లీ ఆగిపోయింది.

"ఒక్క ఫోను ఎత్తలేవుటే!" మావయ్య గొంతు గుడంతా మోగింది. "పదిసార్లు చేస్తున్నాడంటే ఏమైందో ఏమో!"

నా ఫోనుతో చేద్దామంటే నాకు అన్నయ్య వరసయ్యే ఆ అల్లుడి నంబరు నా దగ్గర లేదు, ఉన్నది ఈ మాట్లాడే ఫోనులోనే. నాకు ఏడుపొచ్చేసింది. మూడోసారి మోగింది. అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అది నిన్నట్నుంచీ మొత్తుకుంటానే ఉంది గదే, రెండుసార్లు కొట్టమని! ఎందుకు వినవు?"

ఆ గుర్తు మీద వేలు పెట్టి, కొబ్బరికాయ మంచిదో కాదో చూసినట్టు, టకటకా రెండుసార్లు తట్టి, "బాబూ!" అంది.

"అత్తయ్యగారూ!" అన్నయ్య గొంతు. "నొప్పులు ముందే వచ్చేశాయండీ. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ఇంకాసేపట్లో లోపలికి తీసుకెళ్తారు. సుజాత మిమ్మల్నే అడుగుతోంది."

క్యూ మొత్తం పక్కకి జరిగి మాకు దారిచ్చింది. ఇందాక పిల్లని దగ్గరికి లాక్కున్నావిడే కొబ్బరికాయల సంచి తీసుకుని, "నేను కొట్టిస్తాలే, మీరు వెళ్లండమ్మా" అంది. ఆటోలో గుంటూరు దాకా ఎవరం మాట్లాడలేదు. ఫోను కూడా.

ఆసుపత్రికి వేళకే చేరాం. వదినని లోపలికి తీసుకెళ్లే తలుపు దగ్గర అత్తయ్య రెండు చేతుల్తో వదిన ముఖం పట్టుకుని ఏదో చెప్పింది. వదిన తలూపింది. తలుపు మూసుకుంది. అన్నయ్య మూడోసారి చెయ్యకపోయి ఉంటే, అత్తయ్య తట్టకపోయి ఉంటే ఏమయ్యేదోనని నేను గోడకానుకుని ఆలోచిస్తూ ఉండిపోయాను. గంట తర్వాత ఆడపిల్ల అని చెప్పారు. ఇద్దరూ క్షేమం అన్నారు. మావయ్య తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడు నేను ఓ మూల కూర్చుని, నా ఫోనులో వెతికితే, ఆ నోరు మూయించడం ఎలాగో రెండు నిమిషాల్లో దొరికింది. రెండే నిమిషాలండీ. ఇక పాపం కడిగేసుకుందామని అత్తయ్య దగ్గరికెళ్లాను. అత్తయ్య బెంచీ మీద కూర్చుని, ఫోను మీద వేలు మెల్లగా జరుపుతోంది. వేలు ఎక్కడ ఆగితే అక్కడిది ఫోను చదువుతోంది.

అత్తయ్యకి చదువు రాదు. చీరాలలో ఉండే ఆవిడ చెల్లెలు ఇన్నేళ్లూ ఉత్తరాలు రాయించేది, ఇప్పుడు కూతురి చేత సందేశాలు పంపిస్తోంది. ఏదొచ్చినా మావయ్యే చదివి వినిపించేవాడు. రెండు పేజీలున్నా ఒకటే మాట: "మీ చెల్లెలు బాగుందట."

ఫోను చదువుతోంది. "అక్కా, మోకాలి నొప్పి తగ్గిందా? నిన్ను చూసి రెండేళ్లయింది. బావకి చెప్పి ఒక్కసారి రా. పోయినసారి రమ్మంటే బావ పత్తి పనులన్నాడు. ఆయనకి పత్తి ఎప్పుడు లేదు గనక? నీకోసం ముదురాకుపచ్చ చీర నేయించి ఉంచాను."

అత్తయ్య మళ్లీ తట్టింది. మళ్లీ విన్నది. మూడోసారి కూడా విన్నది. కళ్లు తుడుచుకుని, మావయ్య వైపు చూసింది.

"ముప్పై ఏళ్ల బట్టీ నాకు సగం చదివి వినిపించారన్నమాట."

బజ్జీల దగ్గర కూడా తడబడని మావయ్య కంగారుగా లేచి, నన్ను వరండా చివరికి తీసుకెళ్లి, చెవిలో చెప్పాడు. ఆయన గుసగుస కూడా నర్సులకి వినపడేంత ఉంటుంది.

"అమ్మా పద్మా, నీకు పుణ్యముంటుంది. దాని నోరు ఎట్టాగైనా మూయించవే. షాపుకి తీసుకుపోదామా?"

మూయించే మార్గం నా చేతిలోని ఫోనులో తెరిచే ఉంది. దాన్ని వెనక్కి దాచుకున్నాను.

"లాభం లేదు మావయ్యా. ఎవరివల్లా కాదు. నాకైతే అసలు రాదు."

ఆ తర్వాతి వారమే అత్తయ్య చీరాల వెళ్లింది, ఒక్కత్తే, మాట్లాడే ఫోను పట్టుకుని. మావయ్య తనకి ఇంకోటి కొనుక్కున్నాడు. ఏ రకం కొనాలో నన్ను అడగలేదు.

కనుక ఆడపడుచుల సాక్షిగా, అన్నదమ్ముల సాక్షిగా, ఆ రోజు బస్సులో నవ్విన వాళ్లందరి సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. అక్షరాలు పెద్దవి చెయ్యమంటే అక్షరాలే పెద్దవి చేస్తాను. పేరు తెలియని మీట కనిపిస్తే నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేస్తాను. ఫోను ఏదైనా చెబుతుంటే, నా డిగ్రీ పక్కన పెట్టి, చివరిదాకా వింటాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరింట్లో ఎవరు ఎవరికి సగం చదివి వినిపిస్తున్నారో కనుక్కోకుండా, ఇంకే ఫోనుకీ నోరు తెప్పించను.