వరదరాజులు తువ్వాలు

వరదరాజులు కాలు ఒకచోట నిలవదు. మదనపల్లెలో ఏసీలు బాగుచేసే కొట్టు పెట్టి పందొమ్మిదేళ్లయినా, ఆ కొట్టులో అతని కుర్చీ ఇంకా కొత్తగానే ఉంది. ఒక మిషను విప్పుతుండగానే తరువాత విప్పాల్సింది బుర్రలో తిరుగుతుంటుంది. "కాలు కాలిన పిల్లి" అని పెళ్లాం స్వర్ణలత ముద్దుపేరు పెట్టింది. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. చల్లదనం తగ్గిందనగానే గ్యాసు అయిపోయిందని చెప్పే రకం కాదు.

ఆ రోజు తెల్లవారుజామున సోమలలో తమ్ముడి ఇంట్లో ఉన్నాడు. తమ్ముడు టమోటాకు పురుగుల మందు కొట్టబోతుంటే, ఊరికే కూర్చోలేక ట్యాంకు తానే వీపుకెత్తుకున్నాడు, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని. అది కాగానే స్నానం చేసి, చొక్కా మార్చి, పుంగనూరు బయలుదేరాడు. మధ్యాహ్నానికి కుప్పంలో ఇంకో ఏసీ చూడాలి.

పుంగనూరులో పద్మావతమ్మది చాకీ కేంద్రం. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పట్టుపురుగుల్ని రెండోసారి పొర విడిచేదాకా సాకి రైతులకిస్తుంది. ఇరవై ఏడు డిగ్రీలు దాటితే ఓర్వలేని ప్రాణాలు. ఏసీ తిరుగుతూనే ఉంది, గది ముప్పై రెండు చూపిస్తోంది. ఎల్లుండి నలభై మంది రైతులు పురుగుల కోసం వస్తారు.

"రెండుసార్లు గ్యాసు పట్టించినానప్పా. రెండు దినాలు బాగుంటాది, మళ్లా ఇదే కత," అంది పద్మావతమ్మ.

"గ్యాసు కాదమ్మా. ఈ ఫిల్టరు సూడు."

పురుగుల మీద చల్లే సున్నప్పొడి ఫిల్టరుకు అట్టకట్టింది. గాలాడక లోపలి కాయిల్ మంచుగడ్డ అయింది. అంతేకాదు, తెల్లవారుజాము చలికని పెట్టిన హీటరుకు గది వేడిని కొలిచే తీగ ఒకటి ఉంటుంది. ఎవరో దాన్ని ఏసీ మూతి కిందే తగిలించారు. ఆ కాస్త చల్లగాలి తగలగానే గదంతా చల్లబడిందనుకుని హీటరు రాజుకుంటోంది. ఒకే ఇంట్లో అత్తాకోడళ్లలా రెండూ పొద్దస్తమానం పోట్లాడుకుంటున్నాయి. వరదరాజులు తీగను అవతలి గోడకు మార్చాడు. ఫిల్టరు కడిగి, మంచు కరిగించి, లోపలి ఫ్యానుకు పట్టిన సున్నాన్ని సంచిలో చేతికందిన గుడ్డతో తుడిచాడు. గంటకు గది ఇరవై ఏడుకు దిగింది. కాఫీ కూడా తాగకుండా బండెక్కాడు.

పలమనేరు దాటాక టీ కొట్టు దగ్గర ఆగి, మొహం తుడుచుకుందామని సంచిలో చెయ్యి పెట్టాడు. తువ్వాలు ముక్కు దాకా రాకముందే మందు ఘాటు కొట్టింది. దాని నిండా సున్నం మరకలు. గాలికి కాస్త మందు కొట్టుకొచ్చి మల్బరీ ఆకు మీద పడితేనే చచ్చే పురుగులవి. తాను ఆ మందును గాలి వచ్చే ఫ్యానుకే పూసి వచ్చాడు.

ఫోన్లు బయటి గదిలోనే వదలాలన్నది అక్కడి నియమం. పద్మావతమ్మకు చేసిన ఫోను ఆరుసార్లు మోగి ఆగిపోయింది. బండి వెనక్కి తిప్పాడు.

దారంతా మనసు మనసులో లేదు. ఏమీ అయివుండదులే అనుకున్నాడు. అయినా ఎవరికి తెలుస్తుంది? పట్టుపురుగు చావడానికి నూటొక్క కారణాలు. చెప్పాడంటే మాట సాయంత్రానికే కుప్పందాకా పాకుతుంది, పందొమ్మిదేళ్ల పేరు గంగలో కలుస్తుంది.

పద్మావతమ్మ గది బయటే నిలబడి ఉంది. ఆమె ఎదుట రాహేలు, ఏడేళ్లుగా ఆ పురుగులకు ఆకు వేసే మనిషి, తల వంచుకుని ఏడుస్తోంది. ఏసీకి దగ్గరి తట్టల్లో పురుగులు తలలెత్తి మెలికలు తిరుగుతున్నాయట.

"ఏం పూసుకోనొచ్చినావో, యాడ తొక్కోనొచ్చినావో. ఇంగ నువ్వు పనికి రావద్దు," అంటోంది పద్మావతమ్మ. వరదరాజుల్ని చూసి, "నీ మిషను బాగుండాదప్పా. ఈ మనిషే నా కొంప ముంచింది," అంది.

నేరం అప్పటికే ఇంకొకరి నెత్తికెక్కి కూర్చుంది. తాను నోరు మూసుకుంటే చాలు. ఉన్నమాట చెప్పాలంటే, కాసేపు మూసుకునే ఉన్నాడు. ఆ కాసేపటికి ఇప్పటికీ సిగ్గుపడతాడు.

"ముందు ఏసీ ఆపమ్మా," అని సంచిలోంచి తువ్వాలు తీశాడు. "టమోటాకు మందు కొట్టేటప్పుడు కట్టుకున్నది ఇదే. మీ ఫ్యాను తుడిచిందీ దీంతోనే. తప్పు నాది. ఆయమ్మది గాదు."

పద్మావతమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. కిటికీలు తెరిచారు, తట్టలు పక్క గదికి మోశారు. పద్నాలుగు తట్టలు పోయాయి. మిగతావి దక్కాయి. వరదరాజులు ఫ్యాను ఊడదీసి మూడుసార్లు కడిగాడు. కుప్పం వాళ్ల ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

నాలుగో బకెట్టు నీళ్లు రాహేలే తెచ్చింది.

"నా వల్ల మాట పడినావు. ఏమనుకోవద్దమ్మా," అన్నాడు.

"పొద్దున ఫ్యాను తుడిచేదానికి నువ్వు గుడ్డ తీసినప్పుడే నాకు వాసనొచ్చిందప్పా. మా ఇంటి సుట్టూ టమోటా తోటలే. ఆ వాసన నాకు తెల్దా."

"మరి యాల చెప్పలేదు?"

రాహేలు బకెట్టు దించి అతని మొహంలోకి చూసింది.

"నేను చెప్తే నిలబడి ఇనేవాడివా?"

వరదరాజులు బకెట్టు పక్కన తడి నేల మీదే కూర్చున్నాడు.