పెళ్ళిచూపులకు బూజు క్యారేజీ

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర, డెమాన్‌స్ట్రేటరు ఉద్యోగమొస్తే చాలు, లోకమంతా మన నోటివంకే చూస్తోందనుకునేవాళ్ళం. (లోకానికి వేరే పనులుంటాయని నాకు నౌపడలో తెలిసొచ్చింది.) శ్రీకాకుళం కాలేజీలో నేను నేలవేము ఆకు లోపల కాపురముండే బూజును పెంచుతుండేవాణ్ణి. జ్వరాలకు కషాయం కాచే ఆకు కదా, దాని లోపలి బూజుకీ ఏదైనా గుణం ఉందేమోనని ఆశ. ఆకును పైపైన స్పిరిటుతో కడిగి, ముక్కలు కోసి, బంగాళాదుంప జావ గడ్డకట్టించిన గాజు పళ్ళెంలో పెడితే లోపలి బూజు మెల్లగా బయటికొచ్చేది. దాన్ని తీసి చీము పుట్టించే క్రిముల మధ్య పెట్టాను. ఓ పళ్ళెంలో దాని చుట్టూ ఒక్క క్రిమి పెరగలేదు! ఆ తేట వలయం చూసి పొంగిపోయాను.

సరిగ్గా అప్పుడే నౌపడలో పెళ్ళిచూపులు. అప్పటికే వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయాయని అమ్మకు బెంగ. "ఇదైనా నిలబెట్టుకోరా నాయినా" అని బతిమాలింది. నాకూ ఈసారి కుదరాలనే ఉంది. కానీ పళ్ళేన్ని గదిలో వదిలితే చీమలు పట్టేస్తాయని భయం. తడిగుడ్డ చుట్టి క్యారేజీలో పెట్టుకుని, పెదనాన్నతో ఆమదాలవలసలో రైలెక్కాను.

క్యారేజీ అరుగు మీద పెట్టానో లేదో, పిల్ల తల్లి లోపలికి పట్టుకుపోయింది. మగపెళ్ళివారు ఏదో తెచ్చారనుకుంది పాపం. వచ్చినవాళ్ళ గిన్నె ఖాళీగా తిప్పి పంపడం మనలో లేదు కదా. పెదనాన్న కోతల్లో పడి నేను గమనించలేదు. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. అంతలో వంటింట్లోంచి కొబ్బరిపీచుతో తోముతున్న చప్పుడు. అరుగు మీద చూస్తే క్యారేజీ లేదు.

"అయ్యో, నా బూజు!" అంటూ వంటింట్లోకి పరిగెత్తాను.

"కంగారేటి బావూ? పాసిపోనాది, పారబోసీసినాను. తోమీసి అరిసెలెట్టినాను," అంది ఆవిడ నవ్వుతూ.

అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. "ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి! అవి చీము క్రిములండీ!" అన్నాను.

వెనకే వచ్చిన పిల్ల తండ్రి గుమ్మంలో ఆగిపోయాడు. "మా పొయ్యి కాడికి సీము తెచ్చినావేటి?"

అరిసెలన్నీ నా కళ్ళెదుటే పెంట మీద పడ్డాయి. ఆవిడ ఇల్లంతా పసుపునీళ్ళు చల్లుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. "పదరా, పరువు తీసీసినావు" అని పెదనాన్న రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వీధిలోకే ఎదురొచ్చింది. "పిల్ల ఎలగున్నాదిరా?"

ఇప్పుడు ఆ వెర్రివాణ్ణి తలచుకుంటే సిగ్గు వెనకే నవ్వూ వస్తుంది. ఆ బూజు రంగేమిటో, అంచు ఎలా ఉండేదో ఈనాటికీ చెప్పగలను. ఆ పిల్ల మాత్రం నా ఎదురుగానే కూర్చుంది, నేను తలెత్తి చూడనే లేదు.