మెరుపుకి మూడు చేతుల మందు

ఒక కుక్క థైరాయిడ్ రిపోర్టు చదివి నేను కట్టుకున్న భార్యని దొంగని చేశాను. ఆ కుక్కకి ప్రాణం మీదికి కూడా తెచ్చాను. నవ్వుకోండి, పరవాలేదు. మా పలాసలో ఇప్పటికే అందరూ నవ్వేశారు.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి. మా ఉద్దానం వాళ్ళకి రక్తపరీక్షలు కొత్త కాదు. కిడ్నీ జబ్బుల పుణ్యమా అని, ఇద్దరు కలిస్తే పంటల కంటే ముందు క్రియాటినిన్ సంగతే వస్తుంది. మా వీధిలో ఎవరి రిపోర్టు వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను చేసేది గుమాస్తా పని. అయినా కళ్ళజోడు సర్దుకుని, "ఉప్పు తగ్గించాలి" అని గంభీరంగా చెప్పేవాడిని. ఉప్పు తగ్గిస్తే ఎవరికీ నష్టం లేదు కాబట్టి నా పేరు నిలబడింది.

మా కుక్క పేరు మెరుపు. పేరు పెట్టిన రోజుల్లో పరిగెత్తేది. తర్వాత బస్తాలా గుమ్మంలో పడుకుని, మీదుగా మనుషులు దాటి వెళ్ళినా తల ఎత్తేది కాదు. తోక మీద బొచ్చంతా ఊడిపోయింది. టెక్కలిలో పశువుల డాక్టరమ్మ పరీక్షలు చేయించి, థైరాయిడ్ తక్కువని తేల్చి, పూటకో మాత్ర రాసింది.

"నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించండి. ఆ రోజు పొద్దున్న మాత్ర..." అని ఆవిడ ఏదో చెప్పబోయింది.

"తెలుసండీ. మా ఆవిడకీ థైరాయిడే. మాకు అలవాటే," అని నేనే అడ్డుపడ్డాను.

మా ఆవిడ పార్వతి పరగడుపున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకుంటుంది. కుక్కకీ అదే పద్ధతి అనుకున్నాను. నెల తిరిగాక కాంపౌండరు పొద్దున్నే వచ్చి రక్తం తీసుకెళ్ళాడు. ల్యాబు నుంచి రిపోర్టు నా ఫోనుకే వచ్చింది. డాక్టరమ్మకి చూపించాలని తోచలేదు. నేనుండగా ఇంకొకరెందుకు? చదివాను. థైరాయిడ్ ఇంకా తక్కువే.

మాత్రలు చూస్తే ఖాళీ అవుతున్నాయి. కుక్క రక్తంలో చూస్తే కనబడటం లేదు. మరి ఎవరి కడుపులోకి పోతున్నట్టు? థైరాయిడ్ మాత్ర ఎక్కువైతే ఒళ్ళు తగ్గుతుందని నాకు తెలుసు. అప్పుడు గమనించాను, పార్వతి ఈమధ్య కాస్త సన్నబడింది.

"మెరుపుకి మాత్ర రోజూ ఏత్తన్నావా?" అన్నాను.

"ఏత్తన్నాను. ఎండు సేపలో పెట్టి మరీ ఏత్తన్నాను."

"అది మింగతందా?"

"మింగక ఏటి సేత్తాది?"

"నువ్వేటి, సన్నబడ్డావు?"

"ఇన్నాళ్ళకి సూసినారా," అని పార్వతి సంబరపడింది. నేరం చేసినవాళ్ళే అలా మాట మారుస్తారని నాకు గట్టిగా అనిపించింది. మాట మార్చింది నేనేనన్న సంగతి తోచలేదు.

మా ఇంట్లోనే ఉండి జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళే బావమరిది సింహాచలాన్ని పక్కకి పిలిచాను.

"మీ అక్క కుక్క మాత్రలు మింగతందేమో ఓ కన్నేసి సూడరా."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "బావా, నువ్వు మతుండే మాటాడతన్నావా?"

తోడబుట్టినవాడు కదా, వీడూ ఆవిడతో కలిశాడని తేల్చుకున్నాను. ఇక ఎవరినీ నమ్మి లాభం లేదు. వేరే మాత్రల పట్టీ కొని ఆఫీసు సంచిలో దాచి, పార్వతి వంటగదిలో ఉన్నప్పుడు పెరట్లో నేనే రెండు పూటలా వేయడం మొదలుపెట్టాను. ఎండు చేప ఎవరు పెట్టినా మెరుపు కాదనదు.

కొద్ది రోజుల్లోనే మెరుపు లేచింది. గుమ్మం దాటింది, గోడ దాటింది. పాలవాణ్ణి వీధి చివరి దాకా సాగనంపి వచ్చింది.

"మందు లోపలికెళ్తే ఇలా ఉంటాది," అన్నాను పార్వతికి వినబడేలా. ఆవిడ వింతగా చూసింది. ఆ చూపు మీదా నాకు అనుమానమే.

తర్వాత మెరుపు కూర్చోవడమే మానేసింది. బకెట్లకి బకెట్లు నీళ్ళు తాగేది, రొప్పేది. పక్కటెముకలు బయటపడ్డాయి. మళ్ళీ రక్తం తీయించాను. ఈసారి అంకె ఆకాశంలో ఉంది. ల్యాబులో సీసాలు మార్చేశారని, పోట్లాడటానికి చొక్కా వేసుకుని బయల్దేరాను. వాకిట్లో పార్వతి మెరుపుని ఒళ్ళో పట్టుకుని ఏడుస్తోంది.

"దీని గుండె సూడండి. సెయ్యి పెట్టి సూడండి," అంది.

పెట్టి చూశాను. లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. సింహాచలంతో కలిసి ముగ్గురం దాన్ని ఆటోలో వేసుకుని టెక్కలి పరిగెత్తాం.

డాక్టరమ్మ రిపోర్టులు రెండూ చూసింది. "మొదటిసారి రక్తం ఎప్పుడు తీశారు?"

"పరగడుపునేనండి. మాత్ర వేయకుండా."

"కుక్కకి మాత్ర వేశాక నాలుగు నుంచి ఆరు గంటల మధ్య తీయాలి. మందు సరిపోతోందో లేదో అప్పుడే తెలుస్తుంది. అది చెప్పబోతే మీరు తెలుసన్నారు."

"మరి ఇప్పుడింత ఎలా పెరిగిందండి?"

"అది మీరే చెప్పాలి. మాత్ర ఎవరు వేస్తున్నారు?"

"నానేనండి," అంది పార్వతి.

"నేను కూడానండి," అన్నాను నేల చూస్తూ.

సింహాచలం గొంతు సవరించుకున్నాడు. "ఈ మాత్రలు అక్కే మింగతందని బావ అనుమానపడతన్నాడండి. మళ్ళీ తక్కువొత్తే అక్క మీదకొత్తాదని నానూ ఓ పట్టీ కొని ఏత్తన్నాను."

డాక్టరమ్మ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. కొన్నాళ్ళు మందు ఆపించి, తర్వాత ఒక్కరి చేత్తోనే మళ్ళీ మొదలుపెట్టించింది. మెరుపు బతికింది. ఈసారి మాత్ర వేశాక, చెప్పిన వేళకి రక్తం తీస్తే అంతా సరిగ్గానే ఉంది.

గుట్టు బయటపడ్డ ఆ రోజు ఆటోలో తిరిగొస్తుంటే పార్వతి ఒక్కటే మాట అడిగింది. "కుక్క మాత్ర నాను మింగతానా?"

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

కాబట్టి సకల జనుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై మనిషిదైనా పశువుదైనా ఎవరి రిపోర్టూ చదవను. భార్యని, బావమరిదిని, ల్యాబుని, కుక్కని, ఎవరినీ అనుమానించను. ఇది రాసి పార్వతికి చదివి వినిపిస్తే, "సరేలెండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో, అదొక్కటే కనుక్కోవాలి.