అక్కకు సీటు తెచ్చిన పాఠం

నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మా అమ్మ మామిడి తోటల్లో కాయ కోతకు, మిగతా రోజుల్లో పొలం పనులకు వెళ్లేది. తిరువూరులో ఇంటి దగ్గర చంటి తమ్ముణ్ణి చూసుకోవడం నా పని. అందువల్ల నా ఈడు పిల్లలంతా బడికి పోతున్నా నేను మాత్రం పోలేదు.

మా పక్కింటి అక్క ఆ ఏడే పదో తరగతి పాసైంది. బెజవాడలో ఆడపిల్లల కాలేజీలో చేరి హాస్టల్లో ఉండి చదువుకోవాలని ఆమె కోరిక. మార్కులు ఓ మోస్తరుగా వచ్చాయి. అయితే అక్కడ మార్కులు ఒక్కటే చూడరట. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, చదువు కాక ఇంకేం చేస్తావని అడుగుతారట. నలుగురికీ సాయపడే పిల్లలంటే ప్రిన్సిపాల్ గారికి ఇష్టమట. అంతకు ముందే అక్కడ చేరిన బంధువులమ్మాయి ఈ సంగతి అక్క చెవిన వేసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, ఒక మధ్యాహ్నం అక్క మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, "ఏమే, నీకు చదవడం నేర్పనా?" అని అడగడమే.

నా సంతోషం ఏమని చెప్పను! ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. అమ్మ చేతులకు అంటిన మామిడి సొన కడుక్కుంటూ, "నీకు చదువు అబ్బుద్దో లేదో చూద్దాం. అబ్బితే బళ్లు తెరిచాక బళ్లో వేస్తాలే. తమ్ముణ్ణి అమ్మమ్మ దగ్గర వదులుదాం" అంది. ఇక నా ప్రాణమంతా ఆ చదువు మీదే పెట్టుకున్నాను.

అక్క ఒక పాత తెలుగు వాచకం తెచ్చింది. అందులో చీమల పాఠం తీసింది. ఆమె ఒక ముక్క చెప్పేది, నేను అనేదాన్ని. అంటూ చూపుడు వేలు అక్షరాల కింద నడిపించాలి. చీమ బొమ్మ దగ్గరికి రాగానే పేజీ తిప్పాలి. వేలు ముందుకు పోతే చేతి మీద చిన్న దెబ్బ వేసేది. నోరు ముందుకు పోయినా అంతే. పలక కొనిపెట్టమని అమ్మను అడగనా అంటే, "పలకెందుకే, తిన్నగా పుస్తకమే చదువుతుంటే!" అంది. నిజమే కదా అనుకున్నాను. తమ్ముణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని కూడా పాఠమంతా ఆగకుండా చదివేదాన్ని. చదవడమంటే అదేననుకున్నాను. కాదని చెప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

బెజవాడ వెళ్లే రోజున అక్క నన్ను కూడా తీసుకెళ్లింది. తల దువ్వి తన రిబ్బనే కట్టింది. ప్రిన్సిపాల్ గారు తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ, మాట మెత్తన. "మార్కులు చాలామందికి వస్తాయమ్మా. నువ్వు చదువుకున్నది ఎవరికైనా ఉపయోగపడిందా?" అని అడిగారు. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ పిల్లకు చదువు నేర్పానండి" అంది. నేను పుస్తకం తెరిచి, వేలు నడిపిస్తూ, బొమ్మ దగ్గర పేజీ తిప్పి, చీమల పాఠం పూర్తి చేశాను. ఆవిడ కళ్లు చెమర్చాయి. "ఇంకో పాఠం చదువుతావా తల్లీ?" అన్నారు. నేను తల ఊపేలోపే అక్క, "అందాకా ఇంకా రాలేదండి" అంది. నన్ను కాపాడుతోందనుకుని అక్క వైపు ప్రేమగా చూశాను. సీటు ఇస్తున్నామని అక్కడికక్కడే చెప్పారు.

తిరుగు బస్సులో నాకు పట్టపగ్గాలు లేవు. కిటికీ పైన ఏవో అక్షరాలు రాసి ఉన్నాయి. వేలు పెట్టి చదవబోయాను. నోట్లోంచి చీమల పాఠం మొదటి ముక్కే వచ్చింది. వెనక సీటులో ఒకాయన, "టికెట్టు లేని చీమలు కూడా ఎక్కాయా బస్సు!" అని నవ్వాడు. అక్క అతనికంటే గట్టిగా నవ్వింది.

"ఓసి పిచ్చిదానా, నీకు చదవడం ఎక్కడొచ్చిందే? నువ్వు అప్పజెప్పావంతే."

"మరి రేపట్నుంచి నిజంగా నేర్పుతావా అక్కా?"

"రేపట్నుంచి నాకు బోలెడు పనులు. పెట్టె సర్దుకోవద్దూ?" అంటూ నా తల్లోంచి రిబ్బను విప్పి చుట్ట చుట్టుకుంది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఇంటికొచ్చాక అక్క మా అమ్మతో, "మీ పిల్ల భలే చదివింది పిన్నీ, ప్రిన్సిపాల్ గారే మెచ్చుకున్నారు" అని చెప్పి వెళ్లిపోయింది. అమ్మ మురిసిపోయి నన్ను దగ్గరకు తీసుకుంది. తర్వాత తేలిగ్గా అంది: "చదవడం వచ్చేసిందిగా, ఇంక బడెందుకు? తమ్ముణ్ణి చూసుకో." రాలేదమ్మా, అక్క చెప్పింది అబద్ధం అని ఏడ్చాను. అంత చదువుకున్నావిడ మెచ్చుకున్నాక నీ మాట ఎవరు నమ్ముతారే, పని తప్పించుకోవడానికి నాటకాలు అని కసిరింది. బళ్లు తెరిచారు. నేను వెళ్లలేదు.

అక్క తర్వాత టీచరు అయిందని విన్నాను. పిల్లలకు బాగానే చెబుతుందట. ఒకసారి పెళ్లిలో కనిపిస్తే ఆప్యాయంగా పలకరించింది. ఆ బస్సు సంగతి ఎత్తితే గుర్తు లేదంది. నటించలేదు, నిజంగానే గుర్తు లేదు. నాకు కొత్తగా కోపం వచ్చింది.

నేను అక్షరాలు దిద్దింది మనవళ్లు పుట్టాక. కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'ఉప్పు'. ఎవరూ మెచ్చుకోలేదు, పక్కన ఎవరూ లేరు. అయినా ఈ రోజుకీ నలుగురిలో నన్నెవరైనా పొగిడితే నా మనసు వెంటనే కరగదు. ఈ పొగడ్త ముగిశాక ఎవరికి ఏం దక్కుతుందా అని, నవ్వుతూనే, వాళ్ల ముఖాల వంక చూస్తాను.