వైర్‌లెస్‌లో మాట్లాడినవాడు

ఇప్పుడు కోరాపుట్ నుంచి రాయగడకి రైల్లో హాయిగా పోవచ్చు. డెబ్భై నాలుగులో మాకు బస్సే గతి. అప్పట్లో నేను మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో కంట్రోల్ రూము ఆపరేటర్ని. ఆ ప్రయాణం నాకోసం కాదు, మా క్యాంటీన్లో వంటచేసే నిరాపద్ బాబు కోసం. మూడేళ్ళ కిందట తూర్పు బెంగాల్లో అక్కడి సర్కారే సైన్యాన్ని పంపి ఊళ్ళకి ఊళ్ళు చంపించినప్పుడు భార్యనీ కొడుకుల్నీ పోగొట్టుకుని, ఈ కొండల్లో తమ్ముడి పంచన చేరిన మనిషి. వాళ్ళ దేశపు టీచరమ్మ ఒకావిడ రాయగడలో బంధువులింట దిగి, బతికి బయటపడ్డవాళ్ళ సాక్ష్యం రాసుకుంటోందని కబురొచ్చింది. "ఒక్కణ్ణే పోలేను దాదా, నువ్వు రా" అన్నాడు. సెలవు పెట్టేను.

తెల్లారగట్ల బయల్దేరి, నందపూర్ మీదుగా కోరాపుట్ చేరేసరికి ఎండెక్కింది. బస్టాండు పక్కన ఇడ్లీలు తిని రాయగడ బస్సెక్కేం. టికెట్టు ఆరేడు రూపాయలు. డ్రైవరు పార్వతీపురం వాడు, ముందు సీట్లు మాకిచ్చేడు. లక్ష్మీపూర్ దాటేక ఘాటీలో, అంటే కొండదారి మలుపుల్లో, అడిగేను, "అక్కడ ఏటి సెప్తావు?" అని.

"మా ఊరి పడవవాడి పేరు. సైన్యానికి మా ఇల్లు చూపించింది వాడే."

నాకు ఒళ్ళు మండింది. "వాడి వీపున తుపాకీ పెట్టేరని నువ్వే సెప్పేవు కదా. పంపినోణ్ణి వదిలేసి పడవోడి మీద పడతావేటి?"

"పంపినోడు నాకేం తెలుసు దాదా? నాకు కనబడ్డ మొహం వాడిదే."

డ్రైవరు అందుకున్నాడు. "బ్రేకుల్లేవని తెలిసీ బండి పంపినోడు షెడ్డులో టీ తాగుతుంటాడు బాబూ. జనం తన్నేది డ్రైవర్నే. అలాగని తెలిసీ నడిపినోడు మంచోడని నేనన్ను."

నేను మా పద్ధతి చెప్పేను. ఫోన్లో కరెంటు లైను ఆపమనో వెయ్యమనో ఆర్డరొస్తే ముందు అవతలివాడి పేరడుగుతాం. ఆ మాటే తిరిగి అప్పచెప్తాం. అట్నుంచి అవునన్నాకే స్విచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యాలి. ఎవరైనా చస్తే తిప్పినవాణ్ణీ అడుగుతారు, చెప్పినవాణ్ణీ అడుగుతారు.

టీకి బస్సాగినప్పుడు నిరాపద్ బాబు అన్నాడు, "మా ఊరికొచ్చిన ఆఫీసరు కూడా అలాగే అప్పచెప్పేడు దాదా."

ఏటిగట్టు తుప్పల్లో దాక్కుని చూసేడట. లాంచి మీద ఆఫీసరు వైర్‌లెస్ పట్టుకున్నాడు. పెట్టెలోంచి ఎవరిదో గొంతు వచ్చింది. ఆఫీసరు ఆ మాటే తిరిగి అన్నాడు. భాష తెలీదు గానీ మాట ఒకటే. పెట్టె మళ్ళీ ఏదో అంది. అప్పుడు చెయ్యెత్తేడు, తుపాకులు పేలేయి. "ఇన్నాళ్ళూ, వాడు వద్దని వాదిస్తున్నాడేమో అనుకున్నా. నీ పద్ధతి విన్నాక తెలిసింది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం రాయగడలో టీచరమ్మ ముందు అంతా బెంగాలీలో చెప్పేడు. నాకు ఒడియా వచ్చు గనక సగానికి పైగా అర్థమైంది. పడవవాణ్ణి దాచలేదు, వాడి వీపున ఉన్న తుపాకీనీ దాచలేదు. కాల్చినవాళ్ళని చెప్పేడు, చెయ్యెత్తినవాణ్ణి చెప్పేడు. "పైనున్నవాడి పేరు తెలీదుగా, ఏం రాయను?" అందావిడ. "ఆ చోటు ఖాళీగా ఉంచమ్మా. అందులో పడవవాణ్ణి కూచోబెట్టకు" అన్నాడు.

మీరెప్పుడైనా ఆ దారిన బస్సులో వెళ్తే పొద్దున్న బస్సే ఎక్కండి. సాయంత్రం మబ్బు దిగితే ఘాటీలో దారి కనబడదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, పట్టుబడ్డ ఆ సైన్యపు ఆఫీసర్లని విచారణ లేకుండానే ఇళ్ళకి పంపేస్తున్నారని రేడియోలో చెప్పేరు. క్యాంటీన్లో నేను నోటికొచ్చినట్టు తిట్టేను. నా మీద పడి ఏడుస్తాడనుకున్నాను. నిరాపద్ బాబు ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

"టీచరమ్మ కాయితంలో ఆ ఖాళీ అలాగే ఉంది కదా దాదా" అన్నాడు.