ఎడమ పక్క వెల్డింగ్

ఆ రోజు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా కాంటెస్సా కారు వెనక యాక్సిల్ విరిగింది. రెండ్రోజుల్లో ఫిట్‌నెస్ పరీక్ష. నెగ్గకపోతే ఇరవై ఏళ్లుగా సాకిన బండి తుక్కుకి పోతుంది. మల్కాపురం తుక్కు కొట్లో వేరే బండి యాక్సిల్ దొరికింది. దాని మీద, బండి బరువు మోసే కమాన్‌కట్టలు కూర్చునే పలకలు కొత్తగా వెల్డింగ్ చేయాలి. ఆ పని మా బావమరిదికి అప్పజెప్పాను. వాడు వెల్డరే. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని పోయి ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్నాడు.

ముందు పలకల్ని రెండు మూడు చోట్ల చుక్కల్లా అతకాలి. బండిని కిందికి దించి, బరువు పడ్డాక యాక్సిల్ వాలు సరిచూసి, అప్పుడు పూర్తిగా అతకాలి. వాలు తప్పితే బండి వణుకుతుంది. నేను గాజువాక వెళ్లి నట్లు తెచ్చేసరికి బండి స్టాండ్ల మీదే ఉంది, వెల్డింగ్ మాత్రం అయిపోయింది!

"దించి సూసినాకే ఏసినాను బావా. మళ్లీ ఎత్తేను," అన్నాడు.

నమ్మితే కదా! పళ్లు నూరుకుంటూ, ఇంజిన్ వైపు నుంచి యాక్సిల్‌ని తిప్పే షాఫ్టు నేనే బిగించాను.

కూర్మన్నపాలెం జంక్షన్ దాటగానే బండి గడగడా వణికింది. ఇంటికొచ్చి, వీధిలో నలుగురి ముందూ వాడి మీద విరుచుకుపడ్డాను.

"ఏటిరా ఈ పని? ఇలాగ సేత్తే నిన్నెవడుంచుతాడు? అందుకే పన్లోంచి తగిలేసినారు!"

వాడు గ్లవ్స్ బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పటికీ నా కోపం చల్లారలేదు. బండి మళ్లీ ఎత్తి, గ్రైండర్‌తో ఎడమ పక్క వెల్డింగ్ కోసేశాను. ఎంత గట్టిగా అతికాడో, గంట పట్టింది. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. కుడి పక్కకి జరుగుతుంటే భుజం షాఫ్టుకి తగిలింది. అది ఊగింది. నాలుగు నట్లూ చేత్తో తిప్పి వదిలేసినవే, స్పానర్ పెట్టనే లేదు. ఎవడా వెధవ? నేనే!

తెల్లారితే పరీక్ష. సిగ్గు చంపుకుని ఫోన్ చేశాను.

"ఒరే... తప్పు నాదిరా. షాఫ్టు నట్లు నానే బిగించనేదు. నిన్ను అనరాని మాటన్నాను."



"ఏ పక్క కోసేసినావ్ బావా?"

"ఎడం పక్క."

"కుడిది ముట్టకు. వత్తన్నాను."