మునగబంక, గోడ మీది సాలెపురుగు

నా చిన్నప్పుడు నేను చెప్పిన ఒక అబద్ధం నన్నే తీసుకెళ్లి గదిలో పడేసింది. పుదుచ్చేరిలో మా ఇంటి వెనకవైపు సామాన్ల గది అది.

తమిళుల ఆడి నెల. శుక్రవారం వీరాంపట్టినం అమ్మవారి తేరు చూపిస్తానని మా అవ్వ మాటిచ్చింది. తలలో పెట్టుకునే కాగితం పూలు అంటించడానికి బంక కావాలని, అవ్వ వద్దన్న పెరటి మునగచెట్టు దగ్గరికే వెళ్లాను. మాను నిండా గొంగళిపురుగులు! కాసేపట్లోనే ముంజేయంతా దద్దుర్లు. చెట్టు మాట ఎత్తితే వీపు పగులుతుందని, గోడ మీది సాలెపురుగు చేతి మీద పాకిందని చెప్పేశాను.

ఎంత తెలివితక్కువదాన్నో! సాలెపురుగు ఉచ్చ పోస్తే పొక్కులు లేస్తాయని, ఎండ, గాలి, ఉప్పు తగలకూడదని అవ్వకు గట్టి నమ్మకం. సాలెపురుగును తను తమిళంలో ఎట్టుకాల్ పూచ్చి అనేది. "ఎట్టుకాల్ పూచ్చి విషమే ఇది. మూడునాళ్లు గడప దాటితే కాళ్లిరగ్గొడతా" అంటూ చేతికి వేపాకు, పసుపు నూరి పూసి, నన్ను లోపలికి తోసి బయట గడియ పెట్టింది. తేరుకు ఉన్నదీ మూడు రోజులే.

ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, దానికీ ఊచలు. తిండికి చప్పిడి గంజి. పైగా నేను నేరం మోపిన ఆ మహాతల్లే తలుపు పైన నా అరచేయంత వెడల్పున కాళ్లు చాపుకుని కూర్చుంది. దానికేసి చూస్తూ, తేరును తలచుకుంటూ గొంతెండిపోయేలా ఏడ్చాను.

మర్నాడు నా ఏడుపు విని పక్కింటి అక్క కిటికీ దగ్గరికి వచ్చింది. సర్కారు ఆసుపత్రిలో ఆయా పని చేసేది. సాలెపురుగులన్నీ ఒకటి కాదని ఆమే చెప్పింది. మూలలో వణుకుతుండే పొడుగు కాళ్లదాని గూడు దులిపితే చాలట. కిటికీ మీద గెంతే బుల్లిది దోమల్ని పడుతుందట. తలుపు మీది పెద్దది గూడే కట్టదట, బొద్దింకల కోసం తిరుగుతుందట, నలిపితే తప్ప కరవదట. ఊచల మధ్య నుంచి ఒక గాజు గ్లాసు, అట్టముక్క ఇచ్చి, పట్టి చూడమంది.

సామాన్లలోంచి స్టూలు లాక్కుని ఎక్కాను. గ్లాసు బోర్లించి, అట్ట కిందికి జరిపి పట్టేశాను. దాని పొట్ట కింద చొక్కా బొత్తాంలా తెల్లగా ఏదో ఉంది. గుడ్ల సంచి అంది అక్క. "పిల్లల తల్లి పాపా. ఇంత మోసుకోని నీ చేతి మీదికి షికారుకొచ్చిందా?"

తర్వాత నా చెయ్యి లాక్కుని వెలుతురులో తిప్పి చూసింది. "సన్నంగా నూగుందే దీంట్లో. ఏదన్నా బంక ఉంటే ఇయ్యి, అద్ది లాగేస్తా." పావడ మడతలోంచి మునగబంక తీసి ఇచ్చేశాను. ఇచ్చాక గానీ ఏం చేశానో తెలియలేదు. నా మొహం మాడిపోయింది. అక్క మాత్రం బంక తడిపి, అద్ది, ఓపిగ్గా నూగంతా లాగింది. వెళ్తూ, "నేను చెప్పన్లే. చెప్పేదుంటే నువ్వే చెప్పు" అంది.

గ్లాసులో సాలెపురుగు గుండ్రంగా తిరుగుతూనే ఉంది. గదిలో నేనూ అలాగే తిరిగాను.

మూడో రోజు, శుక్రవారం పొద్దున అవ్వ గడియ తీసి, నా చేతి దద్దుర్లు అణిగాయని చూసుకుంది. చేతిలో చీపురు. గ్లాసును చూడగానే, "దీన్ని చంపి తేరుకు పోదాం దా" అంది. తేరు అంత దగ్గరికి వచ్చేసింది. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ తెల్ల బొత్తాం కనిపించింది, నోరు ఊరుకోలేదు. చెట్టు, బంక, అబద్ధం, అన్నీ కక్కేశాను.

అవ్వ వీపు మీద ఒక్కటిచ్చింది. గది నుంచి వదిలింది గానీ తేరుకు నన్ను వదిలేసే వెళ్లింది. నేను గ్లాసు తీసుకెళ్లి పెరటి గోడ దగ్గర వంచాను. అది బొత్తాం జారకుండా పట్టుకుని సందులోకి దూరింది. తేరు పోయిందని అక్కడే కూర్చుని ఏడ్చాను, కానీ ఊపిరి మాత్రం హాయిగా ఆడింది.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. సాలెపురుగును చూసి కోడలు కేక పెడితే గ్లాసు, అట్ట పట్టుకుని నేనే వెళ్తాను. ఇంట్లో ఏది పగిలినా, ఏది పోయినా, ఎవరి పేరో నోటిదాకా వస్తుంది. అప్పుడు ముందు నా ముంజేయి తడుముకుంటాను.